అవ్ అన్న చోటల్లా

2007 ఏప్రిల్ 9, సోమవారం

పరమేష్‌ను ఈరోజు దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాం. మీర్‌పేట్‌కు కాదు, ఇబ్రహీంపట్నానికి. మీర్‌పేట్‌లో మేం అద్దెకుండేది మేడ మీద. ఆ మెట్లు అతనిప్పుడు ఎక్కలేడు. ఇక్కడ అత్తయ్య ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేయించి పెట్టింది.

పక్షవాతానికి కుడి చెయ్యీ, కుడి కాలూ ఇంకా పడిపోయే ఉన్నాయి. మాట మాత్రం ఒకటి వచ్చింది. "అవ్."

వ్యాను దిగగానే మావయ్య అతని భుజం పట్టుకుని, "ఇంటికొచ్చినవ్ బిడ్డా, ఇగ ఫికర్ లేదు" అన్నారు.

"అవ్" అన్నాడు పరమేష్.

అందరం ఏడ్చాం. ఒక మాట వచ్చిందంటే మిగిలినవీ వస్తాయి.

ఏప్రిల్ 12

హేమచంద్ర వచ్చి వెళ్లాడు. స్నేహితుణ్ణి చూడ్డానికే వచ్చాడు, కాదనను. కానీ మేమిద్దరం పనిచేసే కంపెనీ యజమాని కూడా కదా. కాసేపు మంచం పక్కన కూర్చుని, లేచి, నన్ను వాకిట్లోకి పిలిచాడు.

"ల్యాబ్ వాళ్లు అడుగుతున్నారు మనోజ్ఞా. మూడు ల్యాబుల రక్తపరీక్షల రిపోర్టులూ వాడు రాసిన సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. రేపేదైనా ఆగిపోతే ఎవరు చూస్తారు? వాడు ఎక్కడన్నా రాసిపెట్టాడా, లోపల ఏముందో?"

లేదన్నాను.

ఎన్నిసార్లు అడిగానో. మెషిన్ ఇచ్చిన అంకె నీ ప్రోగ్రాంలోకి వచ్చి, రిపోర్టు మీద అచ్చయ్యేలోపు ఏమేం జరుగుతుందో ఒక చోట రాయి, కనీసం ఆ లైను పక్కన ఒక్క ముక్క రాయి అని. పరీక్షించి చూసేదాన్ని నేను, వాడేవాళ్లకు గైడ్లు రాసేదాన్ని నేను. ప్రతిసారీ తెలిసేది సగమే. అడిగితే నవ్వేవాడు. "రాసుడెందుకే? నేనున్న గద."

"నువ్వు పక్కనే ఉంటావు కదా, వాణ్ణి అడిగి రాయి. ఆఫీసుకు రానక్కర్లేదు, ఇంటి దగ్గరే చెయ్యి" అన్నాడు హేమచంద్ర.

సరేనన్నాను. అతను వెళ్లాక చాలాసేపు మనసు తేలికగా ఉంది. ఇద్దరం కలిసి చేసే పని ఒకటి దొరికింది.

ఏప్రిల్ 16

ల్యాప్‌టాప్ తెరిచి అతని ఒళ్లో పెట్టాను. మాట రాకపోయినా వేళ్లకు గుర్తుంటుందనుకున్నాను. ఎడమ చేత్తో మీటలు తడిమాడు. తెర నిండా ఒకే అక్షరం వచ్చింది. కాసేపు చూసి, అరచేత్తో తెరను తుడవడం మొదలుపెట్టాడు, గాజు మీద మరక తుడిచినట్టు. తుడుస్తూ ఏడ్చాడు.

ఎండ విపరీతంగా ఉంది. అలిసిపోయాడు.

ఏప్రిల్ 20

దారి దొరికింది. నేను కోడ్ చదివి, నాకు అర్థమైంది అతనికి చెబుతాను. "ఇది ఇందుకే కదా పరమేష్?" అంటాను. అతను అవ్ అంటాడు. రాసేస్తాను.

ఒక్క పూటలో నాలుగు పేజీలు.

మే 3

ఎల్బీనగర్‌లో స్పీచ్ థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. చిన్నపిల్ల, చదువు అయిపోయి ఏడాది కూడా కాలేదేమో. అవును-కాదు ప్రశ్నలు మరీ ఎక్కువగా అడగొద్దంది. ఇంకా ఏదో చెప్పింది. ఇతనితో రోజంతా ఉండేది నేను. ఆమె అరగంట చూసింది.

వచ్చేటప్పుడు దారి పొడవునా ప్లాట్ల బోర్డులే. మావయ్యకు చదివి వినిపిస్తూ వచ్చాను. "చెర్ల నీళ్లు లేకపాయె, చేపలు లేకపాయె. ఇగ భూమి గూడ పోతే మేం యాడ ఉండాలె?" అన్నారు.

మే 14

డాక్యుమెంట్ బాగా పెరిగింది. పెళ్లయ్యాక ఇంతసేపు ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నది ఎప్పుడూ లేదు. ఆఫీసులో ఉంటే కోడ్, ఇంట్లో ఉంటే ఫోను. ఇప్పుడు పొద్దున టిఫిన్ అయ్యాక మొదలుపెడితే భోజనాల దాకా నా వైపే చూస్తూ ఉంటాడు.

ఈరోజు పని మధ్యలో ఆపి, వేరే సంగతులు అడిగాను.

"మా నాన్న మన పెళ్లికి ఒప్పుకోనన్నప్పుడు భయపడ్డావా?"

"అవ్."

"నాకు అప్పుడు చెప్పలేదేం? భయం లేదన్నావుగా."

"అవ్."

"నన్ను చేసుకున్నందుకు ఎప్పుడైనా అనుకున్నావా, మంచి పని చేశానని?"

"అవ్" అన్నాడు. ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు.

ఇన్నేళ్లలో ఇలాంటివి నోరు తెరిచి చెప్పిన మనిషి కాదు. దీనికోసం కూడా ఒక రోగం రావాలా అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గేసింది.

మే 25

ఇబ్రహీంపట్నం ల్యాబ్ నుంచి టెక్నీషియన్ సామ్యేలు ఫోన్ చేశాడు. "అక్కా, షుగర్ చూసే పాత మిషన్ తీసేసి కొత్తది పెడుతున్నం. మీ సాఫ్ట్‌వేర్ల ఏమన్న మార్చాల్నా?"

కోడ్ తీసి చూశాను. ఇబ్రహీంపట్నం షుగర్ దగ్గర ఒక లైను ఉంది. మెషిన్ ఇచ్చిన అంకెను 1.2తో హెచ్చిస్తుంది. మిగతా రెండు ల్యాబులకూ లేదు. పక్కన ఒక్క మాట రాసి లేదు.

పరమేష్‌ను అడిగాను. "ఈ హెచ్చించేది ఎప్పుడూ ఉండాల్సిందేనా? కొత్త మెషిన్ వచ్చినా ఉంచాలా?"

"అవ్."

మళ్లీ అడిగాను, తప్పు జరగకూడదని. "ఉంచాలి కదా?"

"అవ్."

"ఏం మార్చక్కర్లేదు సామ్యేలూ" అని ఫోన్ చేసి చెప్పాను. డాక్యుమెంట్‌లో రాశాను: ఇది మెషిన్‌ను బట్టి మారదు, తొలగించరాదు.

జూన్ 8

మావయ్యకు షుగర్ పెరిగింది. ఎప్పుడూ 140 దగ్గర ఉండేది, ఈసారి 168. డాక్టరు మాత్ర మోతాదు పెంచారు.

అత్తయ్య రిపోర్టు చేతిలో పట్టుకుని మావయ్య మీద విరుచుకుపడింది. "మామిడిపండ్లు దొంగతనంగ తింటున్నవ్. బజార్ల నిలవడి తిని మూతి తుడుసుకోని వస్తున్నవ్."

"నీ మీద ఒట్టు, ముట్టలే."

"ముట్టకుండ ఎట్ల వెరుగుతది? కాయితం అబద్ధం జెప్తదా?"

మావయ్య నా వైపు చూశారు.  నేనూ తిన్నారనే అనుకున్నాను. కొడుకు ఇలా అయ్యాక ఆయనకు తిండి మీద అదుపు పోయిందనుకున్నాను.

జూన్ 17

పరమేష్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. గోడ పట్టుకుని రెండడుగులు.

జూన్ 29

మావయ్యకు 154. డాక్టరు ఇంకా తగ్గాలన్నారు. మళ్లీ పెంచారు. మావయ్య అన్నం కూడా తగ్గించేశారు. "ఇగ గడ్డి తినాల్నా?" అంటారు. పగలు కూడా చెమటలు పడుతున్నాయట. ఎండాకాలం పోయినా ఉక్క తగ్గలేదు కదా అన్నాం.

హేమచంద్ర డాక్యుమెంట్ చదివి ఫోన్ చేశాడు. "బంగారంలా ఉంది. పరమేష్ మాట్లాడుతున్నట్టే ఉంది" అన్నాడు. ఆ మాట పరమేష్‌కు చెప్పాను. నవ్వాడు, ఒకవైపు పెదవితో.

జూలై 6

మావయ్య పడిపోయారు.

పొద్దున చెరువు కట్ట మీదికి వెళ్లారు. నీళ్లు లేకపోయినా రోజూ వెళ్తారు. అక్కడే కూలబడితే ఎవరో ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకెళ్లి కబురు చేశారు. నేను వెళ్లేసరికి ఒళ్లంతా చెమట, కళ్లు తేలేసి ఉన్నారు. వేలు గుచ్చి చూస్తే షుగర్ 41. సూదితో గ్లూకోజ్ ఎక్కించాక కాసేపటికి కళ్లు తెరిచి, నన్ను గుర్తుపట్టలేదు. తర్వాత పట్టారు.

డ్యూటీ డాక్టరమ్మ మందుల చీటీ చూసి, "ఈ వయసు మనిషికి ఇంత డోసా? ఎవరు రాశారు, ఏం చూసి రాశారు?" అంది.

ల్యాబ్ రిపోర్టు తీసి ఇచ్చాను. ఇచ్చేముందు 154 అన్న అంకెను ఇంకోసారి చూశాను. ఎందుకో అప్పటికింకా నాకు తెలియదు. తెలిసే ఉంటుంది.

జూలై 7

ల్యాబ్‌కు వెళ్లాను. మావయ్య పేరు చెప్పి, కిందటిసారి రీడింగు మెషిన్‌లో ఎంత ఉందో చూపించమన్నాను. సామ్యేలు మీట నొక్కి చూశాడు. రిపోర్టు నకలు చూశాడు. మళ్లీ మెషిన్ చూశాడు.

"అక్కా, మిషన్ల 128 ఉంది. కాయితం మీద 154 పడ్డది."

1.2.

"పాత మిషన్ తక్కువ సూపిస్తుండె అక్కా" అన్నాడు సామ్యేలు. "మీర్‌పేట్ ల్యాబుల అదే రక్తం చూస్తే ఎక్కువొస్తుండె. నాకంటె ముందున్నాయన పరమేషన్నకు జెప్పిండంట. అన్న ఏదో సెట్ జేసిండంట. నాకు గంతే తెలుసు. అంతా మీరు చూసుకుంటుండ్రు గదా అనుకున్న."

పాత మెషిన్‌కు పెట్టిన సర్దుబాటు అది. ఆ మెషిన్ పోయిన రోజే దీన్నీ తీసేయాల్సింది. అంకెను ఏం చేస్తుందో ఆ లైను చూస్తే నాకు తెలిసింది. ఎందుకు చేస్తుందో అందులో లేదు. అది ఒక్క మనిషి తలలో ఉంది. ఆ తలలోంచి నేను తెలుసుకున్నాననుకున్నాను.

లైను తీసేశాను. ఒక్క నిమిషం పట్టలేదు.

జూలై 8, ఆదివారం

అత్తయ్య దవాఖానలో మావయ్య దగ్గర ఉంది. ఇంట్లో మేమిద్దరమే.

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ల్యాప్‌టాప్ తేలేదు.

"నీ పేరు పరమేషే కదా?"

"అవ్."

"నీ పేరు హేమచంద్ర కదా?"

"అవ్."

"నేను మీ అమ్మనా?"

"అవ్."

ఒకే తీరు. ఒకే గొంతు. అదే సగం నవ్వు. ఆపాల్సింది అక్కడితో. ఆపలేదు.

"మన పెళ్లే కాలేదు కదా, పరమేష్?"

"అవ్" అన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు, మే నెలలో పట్టుకున్నట్టే.

తర్వాత నా ముఖం చూసి అతనికీ ఏడుపొచ్చింది. ఏం అర్థమై ఏడ్చాడో అడగడానికి నా దగ్గర దారి లేదు.

జూలై 9

రాయడానికేమీ లేదు.

జూలై 11

హేమచంద్ర ఆఫీసుకు వెళ్లి అంతా చెప్పాను. తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి తలుపు మూశాడు.

"లైను తీసేశావుగా. ఇప్పుడు రిపోర్టులు సరిగ్గానే వస్తున్నాయిగా. ఇంకెవరికీ చెప్పకు మనోజ్ఞా. ల్యాబ్ వాళ్లకి తెలిస్తే కంపెనీ మూసుకోవాలి. మీ ఇంటి పరిస్థితి నువ్వే చూసుకో."

"కొత్త మెషిన్ పెట్టినప్పటి నుంచి షుగర్ చూపించుకున్న వాళ్లంతా ఎక్కువ మందులు మింగుతున్నారు."

"మీ మావయ్యకి అలా అయిందని అందరికీ అవుతుందా?"

"మా మావయ్యకి మేమున్నాం. ఆటో ఎక్కించేవాళ్లు లేని మనిషికో?"

 నేను అక్కణ్ణుంచి తిన్నగా ల్యాబ్ యజమాని దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "పరమేష్ ఉన్నప్పుడు ఇట్లాంటివి ఎప్పుడూ జరగలేదమ్మా" అన్నారు.

పరమేష్ ఉన్నాడు. కిటికీ పక్కన మంచం మీద ఉన్నాడు.

జూలై 12

సామ్యేలూ నేనూ పొద్దుట్నుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నాం. ఫోను లేనివాళ్ల ఊళ్లకు అతను బండి మీద వెళ్లొచ్చాడు. మళ్లీ రండి, ఉచితంగా పరీక్ష చేస్తాం, డాక్టరుకు చూపించుకోండి అని.

శేరిగూడ సుగుణమ్మగారికి అసలు షుగరే లేదు. నెల నుంచి మాత్రలు మింగుతోంది. కళ్లు తిరుగుతున్నాయని కూలికి పోవడం మానేసిందట. "మీ కంప్యూటర్ కాలిపోను" అంది. విన్నాను. ఫోను పెట్టేయలేదు. ఆమె పెట్టేసేదాకా ఉన్నాను.

జూలై 14

మావయ్య ఇంటికొచ్చారు. నీరసంగానే ఉన్నారు. మంచినీళ్లిచ్చి, ఎదురుగా కింద కూర్చుని, మొత్తం చెప్పాను. నేను రాసిన తప్పు, కొడుకు మాటని నేను నమ్మిన తీరు. అత్తయ్య గుమ్మంలో నిలబడి వింది.

మావయ్య పరమేష్ వైపు చూశారు.

"అంటె వీనికి మనం అడిగేది సమజైతలేదా బిడ్డా?"

"కొన్ని అవుతున్నాయేమో మావయ్యా. ఏవి అవుతున్నాయో, ఏవి కావట్లేదో నాకు తెలియదు."

"నేను 'ఇంటికొచ్చినవ్ బిడ్డా' అన్న నాడు..." అని ఆగిపోయారు.

అత్తయ్య వైపు తిరిగారు. "పండ్లు తినలేదంటె నమ్మకపోతివి. ఇప్పుడన్న నమ్ముతవా?"

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. మావయ్య నా తల మీద చెయ్యి పెట్టారు. తిట్లకు సిద్ధపడి కూర్చున్నాను. ఆ చేతికి సిద్ధపడలేదు.

జూలై 23

డాక్యుమెంట్ మొదటి నుంచి మళ్లీ రాస్తున్నాను. కోడ్ చూసి ఖాయంగా చెప్పగలిగింది రాస్తాను. నేను నడిపి పరీక్షించి చూసింది, చూశాను అని రాస్తాను. మిగతా చోట "ఎందుకో తెలియదు" అని రాస్తాను. అతను అవ్ అన్న చోటల్లా కొట్టేశాను.

బంగారంలా ఉందన్న డాక్యుమెంట్ సగానికి సగం పోయింది. పరమేష్ మాట్లాడుతున్నట్టు ఉందట. మాట్లాడింది నేనే. మూడు నెలలు ప్రశ్నా నాదే, జవాబూ నాదే.

ఈ డైరీలో మే 14 నాటి పేజీ తీసి చదివాను. పెన్ను పట్టుకుని కూర్చున్నాను. అది కొట్టలేదు.

ఆగస్టు 2

ఎల్బీనగర్ వెళ్లాం. థెరపిస్టు అమ్మాయికి క్షమాపణ చెప్పాను. ఆమె కంగారుపడింది. "అందరి ఇళ్లలో ఇలాగే అవుతుంది మేడం. ఒక్క మాట వస్తే దాన్నే పట్టుకుంటారు" అంది. ఇకనుంచి ప్రశ్నలు కాదు, రెండు వస్తువులు ముందు పెట్టి దేన్ని తీసుకుంటాడో చూడమంది. మాటలు ఎంతవరకు వస్తాయని అడిగాను. ఆమె నాకు అబద్ధం చెప్పలేదు.

ఆగస్టు 9

హేమచంద్ర కంపెనీ మూసేస్తున్నాడు. ల్యాబుల పని మాదాపూర్‌లో ఒక పెద్ద కంపెనీకి వెళ్తోంది. తను నాదర్‌గుల్ వైపు ప్లాట్ల వ్యాపారంలో దిగుతున్నాడు. "ఇక్కడందరూ అదే చేస్తున్నారు మనోజ్ఞా" అన్నాడు. నా మీద కోపం ఉంది, దాచుకుంటున్నాడు. పరమేష్‌కు ఒక స్వెట్టర్ తెచ్చాడు. ఆగస్టులో స్వెట్టరు. తెచ్చి, ముఖం తిప్పుకుని ఏడ్చాడు.

ఆగస్టు 20, సోమవారం

కొత్త కంపెనీ నుంచి త్రివేణి అనే అమ్మాయి వచ్చింది, పని అప్పగించుకోవడానికి. ఆఫీసులో కుర్చీలు అప్పటికే ఎవరో కొనుక్కుపోయారు. కింద చాప వేసుకుని కూర్చున్నాం. డాక్యుమెంట్ మొత్తం ఓపిగ్గా చదివింది. "తెలియదు" అని ఉన్న చోటల్లా పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకుంది.

"ఇంత నిజాయితీగా రాసింది నేనెప్పుడూ చూడలేదు మేడం" అంది. పొగిడిందో, జాలిపడిందో.

తర్వాత, "ఈ సాఫ్ట్‌వేర్ రాసింది మీ ఆయనే కదా? ఈ గీతలు పెట్టినవి ఒక్కసారి ఆయన్ని అడగొచ్చా? నేనే ఇంటికి వస్తాను" అంది.

అడిగిన ప్రతివాళ్లకూ కోలుకుంటున్నాడనే చెబుతూ వచ్చాను. ఇంకో రెండు నెలలు, ఇంకో నెల. మా అమ్మకు చెప్పాను, ల్యాబ్ వాళ్లకు చెప్పాను, ఇంటి ఓనరుకు చెప్పాను.

"లేదమ్మా. ఆయన చెప్పలేరు."

"కొన్నాళ్లయ్యాక అయినా..."

"చెప్పలేరు" అన్నాను.

ఆ అమ్మాయి తల వంచుకుని పెన్సిల్ గీతలన్నీ లెక్కపెడుతున్నట్టు చూస్తూ ఉండిపోయింది. నేను లేచి మొహం కడుక్కొచ్చి, సంతకం పెట్టి, తాళాలు ఇచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి వాన. అత్తయ్య వంట చేసి, మావయ్యతో పాటు వసారాలో కూర్చుని ఉంది. పరమేష్‌కు అన్నం కలిపాను, పప్పు, కాస్త నెయ్యి. ఏమీ అడగలేదు. ఆకలేస్తుందా అని కూడా అడగలేదు. మొదటి ముద్ద పెట్టి ముఖంలోకి చూశాను. నమలడం ఆగింది. కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. రెండో ముద్ద నా నోట్లో పెట్టుకుని చూశాను.

ఉప్పు ఎక్కువైంది.

పెరుగు తెచ్చి కలిపాను. తిన్నాడు.